పడవ అడుగున పేరు

అతను టీ కాస్తున్నాడు. గిన్నెలో చెంచా చప్పుడు తప్ప ఇంకే శబ్దమూ లేదు. వారం రోజులుగా అతను టీ కాసేటప్పుడు వంటగది ఇలాగే మూగగా ఉంటోంది.

అది గమనించే స్థితిలో ఆమె లేదు. ఒళ్లో ల్యాప్‌టాప్, కళ్లలో నీళ్లు.

ఇద్దరూ ఒకే ఆఫీసులో కోడ్ రాస్తారు. పెళ్లయిన నెలకి ఆమె సరదాగా ఓ యాప్ కట్టింది. పేరు కాగితప్పడవ. మనసులోని ఒక్క మాట రాసి వదిలితే, ముక్కూ మొహం తెలియనివాళ్ల తెరల మీద తేలుతూ పోతుంది. రాసిందెవరో కనబడదు. మొదటి పడవ ఆమే వదిలింది. అందులో ఏముందో చెప్పమని అతనెంత బతిమాలినా నవ్వేసి ఊరుకుంది.

అది నడిచే నెట్‌వర్క్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఎవరినీ అడగకుండా ఎవరైనా దానిమీద యాప్ కట్టుకోవచ్చు. ఆ స్వేచ్ఛకే ఆమె మురిసిపోయింది.

నిన్న సాయంత్రమే ఎవరో 'దీపం' అని ఇంకో యాప్ వదిలారు. దాంట్లో పడవని తెరిస్తే చాలు, రాసినవాళ్ల పేరు వెలుగుతోంది. ఆమె పేర్లను తన యాప్‌లో దాచింది గానీ, నెట్‌వర్క్‌లోంచి చెరపలేదు.

తెల్లారేసరికి ఒకటే తిట్లు. "నమ్మి చెప్పుకుంటే నట్టేట ముంచావు కదమ్మా" అని ఒకావిడ రాసింది.

"ఎవడి పని అంటావు?"

"ఎవడో పనిలేనివాడు. ముందు ఈ టీ తాగు."

"ఆఫీసులో నా పక్క సీటువాడే. నవ్వుతూనే గోతులు తవ్వే రకం."

"అయినా అవుతాడు," అన్నాడతను, ఆమె కళ్లు తుడుస్తూ.

ఇక తనతో మాట్లాడొద్దని పక్క సీటువాడికి అక్కడికక్కడే మెసేజ్ పెట్టేసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"నువ్వు నా పడవ చూడలేదు కదా?"

"పెళ్లాం మాటలు దొంగచాటుగా చదివే మొగుడిలా కనిపిస్తున్నానా నీకు? ఆ దీపం ఇంతవరకూ తెరవనే లేదు."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అతని భుజం మీద తల వాల్చి, యాప్ మూసేయబోతూ, తన పడవని చివరిసారి చూసుకుంది.

'మా ఆయన టీ కాస్తున్నంతసేపూ కూనిరాగాలు తీస్తాడు, ఆ సంగతి ఆయనకే తెలీదు, తెలిస్తే సిగ్గుపడి మానేస్తాడు, దయచేసి ఎవరూ చెప్పకండి.'