నునుపు కాగితం

“ఇదీ పనికి రాలేదు శెట్టిగారూ!”

పంకజాక్షి ఇనుము తుప్పు రుద్దే ఎమిరి కాగితం ముక్కను గల్లాపెట్టె పక్కన పెట్టి, దాని మీద వేలెడంత ప్లాస్టిక్ గొట్టాన్ని నిలబెట్టింది. అది బొమ్మ ఓడకు పెట్టే పొగగొట్టం. మద్రాసులో ఉన్న ఆమె తమ్ముడు పంపిన ఓడ అది. ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక్కొక్కటీ చట్రం నుంచి తుంచి, తుంచిన చోట మిగిలే మొటిమను అరగదీసి, నున్నగా చేసి అతికించుకోవాలి.

“సూడండి. మొటిమ పోయింది గానీ ఒళ్ళంతా గీతలు. పైగా నలుపు అంటుకునింది.”

వరదయ్య గొట్టాన్ని వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పాడు. చిత్తూరు బజారువీధిలోని అతని ఇనప సామాన్ల అంగడికి మేకులకూ గొళ్ళేలకూ వచ్చేవాళ్ళు చాలామంది. పొగగొట్టం నున్నగా లేదని పోట్లాటకు వచ్చేది మాత్రం ఈ టీచరమ్మ ఒక్కతే.

“గీతలు యాడుండాయి టీచరమ్మా? నాకేం కనపడలేదే!”

“మీకు కనపడకపోతే అది నా తప్పా? మొదట ఆకురాయి ఇచ్చినారు. దాని పళ్ళల్లో పొడి ఇరుక్కొని బరుక్కుపోయింది. తర్వాత చెక్కలు రుద్దే ఉప్పుకాగితం. రుద్దేకొద్దీ వేడెక్కి ప్లాస్టిక్కు ముద్దకట్టింది. ఆ పైవారం గరుకుగా ఉంటుందని పారిజాతం ఆకుతో రుద్దమంటిరి.”

“మా అమ్మ చెక్క గరిటెలు దాంతోనే కదా రుద్దేది!”

“గరిటెకు సరే. ఇది ఓడ. ఆకు జారిపోతా ఉంటే ఇదేం అరుగుతుంది?”

పక్కన మేకులు ఏరుకుంటున్న మునివెంకటప్ప ఫక్కున నవ్వాడు. గుడిపాల దగ్గర సేద్యం చేసుకునే మనిషి. “నీళ్ళు లేని ఊర్లో ఓడకు ఇంత రచ్చా తల్లీ!”

వరదయ్య నవ్వలేదు. ఆమెకు కావలసిన కాగితం అతను కూర్చున్న చెక్కపెట్టెలోనే ఉంది. కార్లకు రంగు వేసేవాళ్ళు నీళ్ళలో తడిపి రుద్దే నల్లటి వాటర్ పేపర్. ఆమె మొదటిసారి అడిగి వెళ్ళగానే వేలూరుకు బస్సెక్కి, నాలుగు అంగళ్ళు తిరిగి, వేలితో నిమిరి చూసి మరీ అన్నిటికంటే మెత్తని రకం తెచ్చాడు. తెచ్చాక భయం పట్టుకుంది. ఇది ఇచ్చేస్తే ఓడ అయిపోతుంది. ఓడ అయిపోతే టీచరమ్మకు ఈ అంగడితో పనేముంది? నలభై దగ్గరపడినా ఏ సంబంధానికీ తల ఊపని వరదయ్య, శనివారం సాయంత్రం బడి వదిలే వేళకు మాత్రం ఎదురుగా ఉన్న స్టూలును రెండుసార్లు తుడుస్తున్నాడు. పెట్టె మాత్రం తెరవడం లేదు.

“ఈసారికి ఇంకో రకం ఇస్తా. వచ్చే శనివారం...”

“వచ్చే శనివారం లేదు శెట్టిగారూ. నన్ను సత్యవేడుకు మార్చినారు. సోమవారం ఆడ చేరాల.”

వరదయ్య చెయ్యి ఆగిపోయింది. మునివెంకటప్ప అతని మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు. ఏరుకున్న మేకుల్ని మెల్లగా డబ్బాలో పోసేశాడు. “తర్వాత వస్తాలేప్పా” అని తువ్వాలు దులుపుకొని మెట్లు దిగిపోయాడు.

వరదయ్య లేచాడు. పెట్టె తెరిచి నల్లకాగితం తీశాడు. చిన్న ముక్క చించి, తాగే చెంబులోని నీళ్ళలో ముంచి, పొగగొట్టాన్ని మెల్లగా రుద్దసాగాడు. పాలలాంటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారాయి. గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పంచె చెంగుతో తుడిచి ఆమె అరచేతిలో పెట్టాడు.

పంకజాక్షి దాన్ని బొటనవేలితో నిమిరింది.

“ఈ కాగితం ఎప్పుడొచ్చింది?”

“వచ్చి శానా దినాలాయ.”

“మరి నాకెందుకు ఇయ్యలేదు?”

వరదయ్య తల ఎత్తలేకపోయాడు. “ఇస్తే మీరు మళ్ళీ రారని.”

పంకజాక్షి గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసింది. వీధిలో జట్కాబండి ఒకటి గలగలమంటూ పోయింది. అతనికి చెవులు వేడెక్కాయి. ఏదైనా తిట్టినా బాగుండుననిపించింది.

“తప్పే టీచరమ్మా. నా వల్ల మీ ఓడ అట్లే నిలిచిపోయింది. రేపు మీ ఇంటికొస్తా. మిగిలిన ముక్కలన్నీ నేనే కూర్చొని అరగదీసిస్తా.” గొంతు సవరించుకున్నాడు. “మీరు సరేనంటే... మా అమ్మను కూడా తోడుకొని వస్తా.”

పంకజాక్షి ఆ నల్లకాగితాన్ని వేలితో తాకి చూసింది. తర్వాత పొగగొట్టాన్ని పైటకొంగులో ముడివేసుకుంది.

“అమ్మను తోడుకొని రండి. మా నాయన ఇంట్లోనే ఉంటాడు. అరగదీసేదానికి మాత్రం ముక్కలేమీ లేవు.”

“అదేంది? ఓడ?”

ఆమె మెట్టు దిగి, ఇటు తిరక్కుండానే చెప్పింది.

“ఇట్లాంటి నల్లకాగితం మా తమ్ముడు ఓడతోపాటే పంపినాడు, పోయిన దసరాకే ఓడంతా అతికించేసినా. ఓడ పెట్టెలో ఎచ్చుగా వచ్చిన ఈ గొట్టాన్నే ప్రతి శనివారం మా ఇంటి బండకేసి గీరి తెస్తా ఉండాను.”