గీతల్లేని వేళ్లు

“చేతులు చాపు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పెద్దక్క చాపింది. అరచేతులు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. వేళ్ల కొసలు మాత్రం ఏటి గులకరాళ్లలా నున్నగా ఉన్నాయి. వేలిముద్రలు తీసే అతను ఆమె బొటనవేలిని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాడు. నల్లటి మచ్చ పడింది. అందులో గీత ఒక్కటీ లేదు.

“చూశారా!” షావుకారు కుర్చీలోంచి లేచాడు. “కిటికీ అద్దం మీద ఉన్నవీ ఇలాంటి గుర్తులే కదా? ఇంకా ఆలోచిస్తారేం సార్, తీసుకుపొండి.”

అది జీడిపిక్కలు కొట్టే షెడ్డు. ఆ చుట్టుపక్కల ఏ గడప తొక్కినా పిక్క కొట్టేవాళ్లు ఒకరైనా ఉంటారు. తొక్కలోంచి కారే జీడిరసం చర్మాన్ని తినేస్తుంది. ఏళ్ల తరబడి తింటే వేలిగీతలు కూడా మిగలవు. గ్లౌజులు ఇప్పించమని పెద్దక్క అడగని రోజు లేదు, షావుకారు విన్న రోజూ లేదు. ఆఖరికి ఆమే కార్మికశాఖ ఆఫీసుకు వెళ్లి మొరపెట్టుకుంటే, వాళ్లు రెండు పెద్ద పెట్టెల నిండా పంపారు. తమ అధికారి వచ్చి దగ్గరుండి పంచుతాడన్నారు. అందాకా వాటిని షావుకారు గోదాములో పెట్టించాడు. ఈ పొద్దున చూస్తే పెట్టెలు లేవు. వెనక కిటికీ అద్దం ఎవరో ఊడదీసి, పగలకుండా గడ్డి మీద పెట్టి వెళ్లారు.

“ఇదెక్కడి న్యాయం సార్!” గుమ్మంలోంచి పెద్దక్క మరదలు గొంతు లేచింది. “గ్లౌజులు లేక అరిగిపోయిన వేళ్లండీ ఇవి. ఆ వేళ్లే గ్లౌజులు దొంగిలించాయంటారా? కాళ్లరిగేలా తిరిగి తెప్పించింది మా వదిన. రేపోమాపో చేతికొచ్చేవాటిని దొంగతనంగా ఎత్తుకుపోతుందా? నోటిదాకా వచ్చిన ముద్దని ఎవరైనా దొంగిలించి తింటారా?”

“అమ్ముకోడానికి,” అన్నాడు షావుకారు. “అయినా పిక్క కొట్టడానికి తొడుగులేంటి? నేను పదేళ్లప్పుడే ఈ పీట మీద కూర్చున్నా. మొదటిరోజే కత్తి జారి ఎముకదాకా దిగింది. కిక్కురుమన్నానా?”

“అనలేదండీ,” అంది మరదలు. “అందుకేగా రోజూ పొద్దున్నే వచ్చి, ఒట్టి చేతుల్తో పిక్కలు కొట్టి చూపించి మమ్మల్ని సిగ్గుతో చంపుతున్నారు!”

“నువ్వు ఊరుకోవే,” అంది పెద్దక్క.

వేలిముద్రల అతను కిరసనాయిలు గుడ్డ పక్కన పెట్టేశాడు. కాస్త కొబ్బరినూనె అడిగి తెప్పించుకుని, పగిలిన చోట మండకుండా ఆమె వేలు తుడిచాడు. ఆ పొద్దుట్నుంచీ ఆమెకు దక్కిన మర్యాద అదొక్కటే. తుడుస్తూ కాగితాన్ని మళ్లీ చూశాడు.

“సార్, ఈవిడ వేలు కాదు. అద్దం మీద బొటనవేలి గుర్తుకి అడ్డంగా ఒక గాటుంది. ఈవిడకి లేదు.”

“అయితే షెడ్డులో అందరివీ తీయండి!” అన్నాడు షావుకారు. “ఈవిడ కాకపోతే ఈవిడ చెప్పిన మనిషి. దొంగలంతా ఒకే పీటల మీద కూర్చున్నారు.”

ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్క వేలే పడుతోంది. కాగితం నిండా నల్లమచ్చలు, ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు.

“కాగితం దండగ సార్,” అంది మరదలు తన వంతు రాగానే. “ఒక్కటి వేసుకుని అందరి పేర్లూ కింద రాసేసుకోండి.”

వరసంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపుకోడానికి మీసం సవరించుకున్నాడు. ఒకరిద్దరి వేళ్లకి గాట్లున్నాయి గాని, అవి అడ్డంగా లేవు.

“మానేసిన వాళ్లుంటారు,” షావుకారు తగ్గలేదు. “ఏ ఇంటికెళ్లినా ఇలాంటి వేళ్లేగా! ఎవరిచేత చేయించిందో స్టేషన్లో రెండు తగిలిస్తే అదే చెబుతుంది. ఇక నా షెడ్డులో మాత్రం దానికి పీట లేదు.”

“చేతులు తినేసింది చాలక కూడు కూడా లాక్కుంటారా?” మరదలు ముందుకొచ్చింది. పెద్దక్క ఆమె భుజం పట్టుకుని ఆపింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. “అడగాల్సింది అడిగి పంపించేస్తాం. పదమ్మా.”

“వస్తాను సార్. దొంగ దొరికితే ఆ పెట్టెలు మాత్రం ఈ షెడ్డుకే ఇప్పించండి,” అంది పెద్దక్క. “కొత్తగా చేరినవాళ్ల వేళ్లకింకా గీతలున్నాయి.”

ఇన్‌స్పెక్టర్ పెట్టుకున్న టోపీ మళ్లీ తీశాడు.

“సార్, ఫిర్యాదు చేసినాయనదీ ఒకటి తీసుకోవాలి,” అన్నాడు వేలిముద్రల అతను, సామాను సర్దబోతూ. “పద్ధతి.”

“నాదెందుకు?” షావుకారు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. “ఆ కిటికీ మొహమే ఎరగను నేను. పైగా నేను సంతకాలు పెట్టేవాణ్ణయ్యా, వేలిముద్రలేసేవాణ్ణి కాదు!”

“పద్ధతి అంటున్నాడుగా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఏం కాదయ్యా,” అంది పెద్దక్క, చంటిపిల్లాడికి చెప్పినట్టు. “చల్లగా ఉంటుందంతే.”

షావుకారు ఆమెను కొరకొరా చూస్తూ బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద ఒత్తాడు. అందరూ వంగి చూశారు.

గీతల్లేవు, అడ్డంగా ఒక్క గాటు తప్ప.