ఆఖరి ఎపిసోడ్‌కి ముందు

"నేను ఇన్‌స్పెక్టర్ని కాదమ్మా! ఆ వేషం వేస్తానంతే!"

సిరిల్ మాబ్లీ ఎంత చెప్పినా ఆ ముసలామె అతని కోటు చెయ్యి వదల్లేదు. స్టూడియో గేటు ముందు ముసురులో తడిసి ముద్దయి నిలబడింది. పేరు ఎనిడ్ రఫ్‌లీ అని చెప్పింది.

సిరిల్ కొన్నేళ్ళుగా ప్రతి శనివారం సాయంత్రం టీవీలో ఇన్‌స్పెక్టర్ హార్గేట్‌గా కనిపిస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క హంతకుడూ హార్గేట్ చేతికి చిక్కకుండా పోలేదు. ఆ టైముకి వాళ్ళ ఊరు సాల్ఫర్డ్ వీధుల్లో మనిషన్నవాడు కనబడడు.

"వచ్చే శనివారంతో మీ సీరియల్ అయిపోతుందట. పేపర్లో వేశారు," అందామె. "ఆ తర్వాత నేనెవరి దగ్గరికి పోను? మా చెల్లెలు విన్నీ కనబడకుండా పోయి నాలుగేళ్ళయింది. మీరొకసారి ఇంటికి రావాలి."

"పోలీసులకి చెప్పలేదా?"

"వచ్చారు. టోపీలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేనిచ్చిన టీ తాగారు. కాలవలో వెతికారు. పోయారు."

గేటు కాపలా కాసే స్టాన్లీ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏవమ్మోయ్, ఈయన గొడుగు పోతే పొద్దున నేను వెతికిచ్చా. మీ చెల్లెల్ని ఈయనేం పట్టుకొస్తాడు?"

సిరిల్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె మొహంలో నవ్వు లేదు. దేవుడి ముందు నిలబడ్డట్టు అతన్నే చూస్తోంది. ఇంకో వారం పోతే తన కోటు పట్టుకుని ఆపేవాళ్ళే ఉండరన్న సంగతి అతనికి గుర్తొచ్చింది. షూటింగులో వేసుకున్న రెయిన్‌కోటూ టోపీ ఇంకా ఒంటిమీదే ఉన్నాయి.

"ఎంత దూరమమ్మా?" అన్నాడు.

కాలవ ఒడ్డున మసిబట్టిన ఇళ్ళ వరసలో చివరిది ఆమె ఇల్లు. లోపల వీధిలోకన్నా చలిగా ఉంది. పొయ్యిలో బూడిద తప్ప నిప్పు లేదు. సిరిల్ దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కోబోయాడు.

"అందులో వద్దు. అది విన్నీది."

అతను నిలబడే ఉన్నాడు. ఏం అడగాలో తోచక, తనకి కంఠతా వచ్చిన ప్రశ్నలే అడగడం మొదలుపెట్టాడు. గొంతు దానంతటదే హార్గేట్ గొంతయింది.

"ఆవిణ్ణి చివరిసారిగా చూసిందెవరు?"

"నేనే."

"ఆ రోజు ఇంట్లో గొడవేమైనా జరిగిందా?"

"జరిగింది. చలేస్తోందంది. బొగ్గులు అయిపోయాయన్నాను. ఉన్నాయి, దాచుకుంటున్నావంది."

"దాచుకున్నారా?"

"ఆఁ."

సిరిల్‌కి తన మీద తనకే సిగ్గేసింది. చెల్లెలి మీద బెంగతో చిక్కిపోయిన మనిషితో ఏమిటీ నాటకం? కానీ ఎనిడ్ మొహం మాత్రం తేటపడుతోంది.

"ఈ మాటలు వాళ్ళెవరూ అడగలేదు," అంది. "రోగిష్టి చెల్లెల్ని ఇన్నాళ్ళు సాకిన తల్లివమ్మా నువ్వు, అని నా చెయ్యి నిమిరి వెళ్ళిపోయారు. కిందకి రండి. అసలు పని అక్కడుంది."

దీపం పట్టుకుని ముందు నడిచింది. మెట్ల కింద బొగ్గుల గది. తడి మట్టి వాసన. ఎనిడ్ దీపం కింద పెట్టి, అతని ముంజేయి పట్టుకుని ఇటుక గోడ దగ్గరికి లాగింది. ఆ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"వినండి."

"ఏం వినాలి?"

"మా విన్నీ దగ్గు."

సిరిల్ ఊపిరి బిగబట్టి విన్నాడు. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. దూరంగా గూడ్సు బండి పోతోంది. అంతే, ఇంకేమీ లేదు.

"చీకటి పడితే మొదలు," అంది ఎనిడ్ గుసగుసగా. "ఇప్పుడిప్పుడు పగలు కూడా. చర్చి పెద్దాయన వచ్చి విన్నారు. ఏమీ లేదమ్మా, ప్రార్థన చేసుకో అన్నారు. డాక్టరు నిద్రమాత్రలిచ్చాడు. పక్కింటావిడ నా మొహం చూస్తే తలుపేసుకుంటోంది. మీరు చెప్పండి. మీరు లేదంటే లేదనే నమ్ముతాను. పిచ్చాసుపత్రికి పొమ్మన్నా రేపే పోతాను."

లేదు అనడానికి సిరిల్ నోరు తెరిచాడు. ఆ ఒక్క మాటతో ఈ మనిషి మిగతా జన్మంతా పిచ్చాసుపత్రి గోడల మధ్యే గడిచిపోతుందనిపించింది. ఒక అబద్ధం ఆడితే తన సొమ్మేం పోతుంది? ఇన్నాళ్ళూ ఆడినవన్నీ అబద్ధాలేగా.

"వినిపించిందమ్మా," అన్నాడు మెల్లిగా. "సన్నగా... కానీ వినిపించింది."

ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. తలమీది బరువు దించుకున్నట్టు పెద్దగా ఊపిరి వదిలింది. గౌను మీద కట్టుకున్న ఏప్రన్ విప్పి, నీటుగా మడిచి, బొగ్గుల తొట్టి మీద పెట్టింది. తర్వాత రెండు చేతులూ దగ్గరగా చేర్చి, సంకెళ్ళ కోసం అతని ముందుకు చాపింది.

"అయితే నాకు పిచ్చి లేదన్నమాట. ఈ గోడ పగలగొట్టించండి ఇన్‌స్పెక్టర్ గారూ. నేను ఇటుకలు పేరుస్తున్నంతసేపూ అది లోపల దగ్గుతూనే ఉంది."