వాయిదాల మహారాణి

"చేతిలో డబ్బుంచుకుని వాయిదాల మీద కుక్కర్ కొనే మనిషిని నిన్నే చూస్తున్నాను," అన్నాడు మామగారు. పొద్దుటి నుంచీ అదే మాటను రకరకాలుగా తిప్పి అంటున్నాడు.

అత్తగారు కొత్త కుక్కర్ మూత పెట్టి తీసి చూసుకుంటోంది. "రబ్బరు కాస్త బిగుతుగా ఉంది. వాడగా వాడగా అదే సర్దుకుంటుంది."

"నేనడిగేది రబ్బరు సంగతి కాదు."

"మరి దేని సంగతండీ?"

వంటింటి గుమ్మంలో కోడలు నవ్వు ఆపుకుంది. అత్తగారు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. వచ్చేది చిన్న జీతం. అందులోనే మిగిల్చి దాచుకుంటుంది. కానీ ఏది కొన్నా వాయిదాల మీదే. మొదట ఇస్త్రీపెట్టె, తర్వాత ఫ్యాను, ఇప్పుడు కుక్కర్. గడువు కంటే ముందే వెళ్ళి కట్టి వస్తుంది. ఆ సరదా ఏమిటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. మామగారు మాత్రం ఆమెకు 'వాయిదాల మహారాణి' అని పేరు పెట్టి ఊరుకున్నాడు.

"అవతల ఇంటి ఓనరు ఈ వాటా అమ్మకానికి పెట్టాడు," అన్నాడాయన మళ్ళీ. "కొన్నవాడు సామాను తీసేయమంటే కుక్కర్ నెత్తిన పెట్టుకుని ఎక్కడ తిరుగుతావ్?"

"చిన్నదేగా, బరువుండదు."

ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. మెట్లు పగుళ్ళిచ్చాయి. అందుకే ఇంటాయన ఎంతొస్తే అంతకు వదిలించుకుందామని చూస్తున్నాడు. అయినా నలుగురికీ నీడ అదే. ఇంత తక్కువ అద్దెకు ఇంకోచోట ఒక గది కూడా రాదు.

మనమే కొనేస్తే పోలా అని తండ్రీకొడుకులు బ్యాంకుకు కూడా వెళ్ళొచ్చారు. ఆ రోజు మామగారు వెలిగిపోతూ ఇంటికొచ్చాడు.

"కంప్యూటర్లో నా పేరు కొట్టి చూసి, మీ గురించి మా దగ్గర ఏమీ లేదండీ అన్నాడు ఆఫీసరు. ఇన్నేళ్ళు మెకానిక్ పని చేశాను, ఒక్కరి ముందు చెయ్యి చాచానా? ఒక్క మచ్చ లేదు."

"నాన్నా, ఏమీ లేదంటే నువ్వెవరో వాళ్ళకి తెలీదని," అన్నాడు కొడుకు. "లోన్ ఇవ్వరని అర్థం."

"మరి నీ గురించి?"

కొడుకు గోడకేసి చూశాడు. వాయిదాలు ఎగ్గొడితే అతని బైకును ఫైనాన్సు వాళ్ళు వచ్చి తోలుకుపోయారు. అతని గురించి బ్యాంకుకు బాగానే తెలుసు.

ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ కోడలు అడిగేసింది. "నిజం చెప్పండత్తయ్యా. డబ్బులుండగా వాయిదాలెందుకు?"

"మీ మామయ్యని చూశావుగా. బ్యాంకుకి మంచివాళ్ళైతే చాలదమ్మాయ్, ఎరిగినవాళ్ళవ్వాలి. అప్పు తీసుకుని సరిగ్గా తీర్చినవాళ్ళనే వాళ్ళెరుగుతారట. మా లాండ్రీ సూపర్‌వైజరమ్మ చెప్పింది. ముందు కొంత డబ్బు బ్యాంకులో వేసి, దాని మీద క్రెడిట్ కార్డు తీసుకున్నాను. కూరగాయలు కార్డుతో కొంటాను, జీతం రాగానే కట్టేస్తాను. ఎప్పుడూ కాస్తే వాడతాను. కార్డు ఉంది కదా అని ఎడాపెడా వాడేయకూడదట."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వీ ఇంటికి రాకముందు నుంచీ."

"అంత ఓపిక దేనికి?"

అత్తగారు దుప్పటి అంచులు సరిచేసింది. "ఒక పెద్ద వస్తువు మీద కన్నుంది."

కోడలికి వెంటనే బజారులో షాపు అద్దం వెనకున్న స్టీమ్ ఇస్త్రీ మిషను గుర్తొచ్చింది. అత్తగారు దాని ముందు ఆగి చూడటం చాలాసార్లు గమనించింది. "ఇస్త్రీ షాపు పెడతారా?"

"నీకు తెలియనిదేముందమ్మా," అని నవ్వేసింది అత్తగారు. "మీ మామయ్యతో అనకు. ఆయన నోరు మూతలేని కుక్కరు."

కొన్ని వారాలకు ఇల్లు అమ్ముడుపోయింది. ఆ కబురు బ్రోకరు ఫోనులో చెప్పాడు. కొన్నదెవరంటే మాత్రం, "ఆదివారం వాళ్ళే మాట్లాడతారు" అని పెట్టేశాడు.

ఇంట్లో అందరికీ గాబరా పట్టుకుంది.

"ఎవరై ఉంటారు?" అంది కోడలు.

"కింద మందుల షాపాయన. గోడౌను కోసం చూస్తున్నాడు," అన్నాడు కొడుకు.

"గోడౌనైతే మనల్ని మందుపెట్టెల కింద లెక్కేసి ఉండనిస్తాడేమో," అంది అత్తగారు.

"నీకు వేళాకోళంగా ఉంది," అన్నాడు మామగారు. ఆ మాటలో కోపం లేదు, భయముంది. "ఈ వయసులో నన్ను మళ్ళీ ఇళ్ళ వెంట తిప్పకు దేవుడా. అద్దె ఎంత పెంచినా సరే, ఖాళీ చేయమనకుండా ఉంటే చాలు."

ఆదివారం ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఉన్న ఒక్క మంచి కుర్చీని తడిగుడ్డతో తుడిచి గది మధ్య వేశాడు. కొడుకును పక్కన నిలబెట్టి చెప్పాల్సిన మాటలు వల్లెవేయించాడు. "బైకు సంగతి ఎత్తకు. అప్పులవాళ్ళమనుకుంటారు. ఆ కుక్కర్ పెట్టె కూడా మంచం కిందికి తొయ్యి."

మెట్ల మీద అడుగుల చప్పుడయితే ఆయన ఆదరాబాదరాగా తలుపు తీశాడు. పక్క వాటావాళ్ళు.

"ఇంకా రారేమిటి? మనసు మార్చుకున్నారా?" కోడలు కిటికీలోంచి వీధిలోకి తొంగిచూసింది.

అత్తగారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అందరినీ ఒకసారి చూసి, గది మధ్యనున్న కుర్చీలో కూర్చుంది.

"లేవే, వాళ్ళొచ్చే వేళయింది," అన్నాడు మామగారు కంగారుగా.

ఆమె లేవలేదు. కొంగు సర్దుకుంది.

"ఒకటో తారీఖు నుంచి అద్దె నా చేతికివ్వండి," అంది నెమ్మదిగా.