చిట్టియ్య ఇంజెక్టర్

“ఈ దొర ఎవరమ్మా?” చిట్టియ్య ఫొటో పక్కన గోడకున్న బొమ్మను చూస్తూ అడిగాడు సత్యప్రసాద్.

“జిఫార్డ్ అండి. ఫ్రాన్సు ఆయన. మా ఆయనకి దేవుడు,” అంది సంపూర్ణమ్మ.

రైసుమిల్లు బాయిలర్ పేలి చిట్టియ్య పోయి తొమ్మిది రోజులైంది. ఆపరేటర్ అజాగ్రత్తే కారణమని పేపర్లో రెండు ముక్కలు వేశారు. ముప్పై ఏళ్ళు ఆ బాయిలర్‌ను పసిబిడ్డలా సాకిన మనిషికి దక్కిన మాట అది! భర్త పోయిన దుఃఖం కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ కాల్చింది. అందుకే రాజమండ్రి నుంచి ఈ పెద్దమనిషి కారులో వచ్చి, “చిట్టియ్యగారి గురించి రాసుకుందామని వచ్చానండి” అనగానే కుర్చీ తుడిచి వేసింది.

“దేవుడెలా అయ్యాడమ్మా?”

“నూట డెబ్బై ఏళ్ళ కిందట గ్యాసు బుడగ కింద ఆవిరింజను కట్టుకుని ఆకాశంలో పోయాడంటండి. పైన గ్యాసు, కింద నిప్పు! వెళ్ళడం వెళ్ళాడు గానీ ఎదురుగాలికి వెనక్కి రాలేకపోయాడంట. తర్వాత ఈ ఇంజెక్టర్ కనిపెట్టాడండి. కరెంటు లేకపోయినా ఆవిరే నీళ్ళని బాయిలర్‌లోకి తోస్తుంది. ‘ఆ దొర చలవ వల్లే మేం బతికున్నాం’ అనేవారు.”

ఫొటోల కింద పీట మీద జానెడు పొడవున్న ఇత్తడి సామాను, ఆ ఇంజెక్టరే, పసుపు కుంకుమలతో మెరుస్తోంది.

“ఇది మిల్లుదేనా?”

“అవునండి. కరెంటు మోటారుండగా ఇదెందుకని ఓనరుగారు ఊడదీయించి పాత సామాన్లలో పడేయిస్తే, మనసొప్పక ఇంటికి తెచ్చుకున్నారు.”

“ఓనరుగారి ఊసెందుకమ్మా? మనం మాట్లాడేది చిట్టియ్యగారి గురించి కదా,” అన్నాడతను మెత్తగా. “మిల్లులో ఆయన మాట చెల్లేదా?”

పోయినవాడి గొప్ప అడిగితే గోదావరి జిల్లాల్లో ఎవరూ గరిటెతో వడ్డించరు, గంగాళమే దించుతారు.

“ఎంత మాటండి! బాయిలర్ జోలికి ఓనరుగారే వచ్చేవారు కాదు. ఏది పెట్టాలన్నా, ఏది తీయాలన్నా ఈయనే.”

అంత లేదని ఆమెకూ తెలుసు. ఓనరు కసిరితే ఇంటికొచ్చి అన్నం ముట్టని రోజులు ఎన్నో ఉన్నాయి. కానీ పోయిన మనిషిని పరాయివాళ్ళ ముందు చిన్నచేయడానికి ఆమెకు నోరు రాలేదు.

“ఆవేళ కరెంటు పోయినప్పుడు?”

“మోటారాగి నీళ్ళు అందలేదండి. పనివాళ్ళందర్నీ బయటికి తరిమి, ఆయన మాత్రం కదల్లేదు.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను రాసింది చదివి వినిపించాడు.

“మిల్లు ఇంజెక్టర్‌ని ఆయన ఇంటికి తెచ్చుకున్నారు. బాయిలర్‌లో ఏది పెట్టాలన్నా తీయాలన్నా నిర్ణయం ఆయనదే. ఓనరు కలగజేసుకునేవారు కాదు. అన్నీ మీ మాటలేగా?”

“అవునండి.” ఆ నాలుగు మాటల్లో భర్త మళ్ళీ తలెత్తుకుని నిలబడ్డట్టనిపించి సంతకం పెట్టింది. “ఇక ఆయన్నెవరూ తప్పుగా అనుకోరు కదండీ?”

“అందరూ చదువుతారమ్మా.”

ఇత్తడి సామానుని ఫోన్లో ఫొటో తీసుకుని, వెళ్ళొస్తానని చెప్పకుండానే లేచాడు. చావింట్లో ఆ మాట అనకూడదని తెలిసిన మనిషి, మర్యాదస్తుడు అనుకుంది సంపూర్ణమ్మ.

సందు మలుపులో కారెక్కి అతను ఫోన్ చేశాడు.

“తప్పంతా మొగుడిదేనని పెళ్ళామే రాసిచ్చిందండి, ఓనరుగారూ.”