టార్చి ఆరినంతసేపు

"తల వంచుకోమని మీ పిన్నికి చెప్పవే," అంది అగ్రిపీనా.

"నాకూ కళ్ళున్నాయని మీ అమ్మకు చెప్పు," అంది నెద్దా.

ఎట్నా అగ్నిపర్వతం మీది అడవిలో, ఒకప్పుడు లావా పారిన సొరంగం అది. పిస్తా తోట గట్టు తగాదాతో పదకొండేళ్ళుగా మాటల్లేని అక్కచెల్లెళ్ళను తీసుకొచ్చిన అగ్రిపీనా కూతురు వెనీరాకు విసుగెత్తింది. చేతిలో ఉన్న ఒక్క టార్చీ ఆర్పేసింది.

కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి.

"అక్కా! ఎక్కడున్నావే?"

"ఇక్కడే, చెయ్యివ్వు. అబ్బ, చిన్నప్పటిలాగే మంచుముద్దే నీ చెయ్యి!"

"నీ గొంతు మాత్రం? అదే గయ్యాళి గొంతు!"

ఇద్దరూ కిసుక్కున నవ్వారు.

వెనీరా టార్చి వేసింది. చేతులు చటుక్కున విడిపోయాయి.

కాసేపటికి అగ్రిపీనా గోడకేసి చూస్తూ గొణిగింది:

"ఇంకోసారి ఆర్పమంటుందేమో, మీ పిన్నిని అడగవే."