ఎడమ కొసన ఖాళీ

ఉదయం ఆరుంబావుకి నల్లచెవి గేదె తన దూడను నాకుతోంది. మందకు కాపలా కాసే దున్నల వరసలో ఎడమ కొసన చోటు ఖాళీ. దాని వెనకే ఈ దూడ నిలబడాలి. అవతలి మందను వదిలిన దున్న ఒకటి ఆ చోటు కోసం వచ్చింది. దాని కొమ్ములు చూసి పెద్దదున్న మురిసిపోయింది.

"తోడేళ్లొస్తే ఏం చేస్తావు నాయనా?" అని నల్లచెవి అడిగింది.

"నిలబడి చూస్తానా పిన్నీ? తరిమి ఏరు దాటిస్తాను."

"అప్పుడు నీ చోట్లో ఎవరుంటారు?"

"ఆ కొమ్ములు చూసి మాట్లాడవే," అని పెద్దదున్న కసిరింది.

"చూశాను. కొమ్ములకేం, నిగనిగలాడుతున్నాయి. కాళ్లే ఒకచోట నిలిచేలా లేవు."

నల్లచెవి దూడను కుడి కొసకు తీసుకుపోయి, కుంటిదున్న వెనక నిలబెట్టింది. మందంతా నవ్వింది.

నాలుగు రోజులకు అవతలి మంద నుంచి కొంగ కబురు తెచ్చింది. అక్కడున్నప్పుడు కొత్త దున్న తోడేళ్లను తరమని రోజు లేదట; దాని పాత మందలో ఈ ఏడు ఒక్క దూడా మిగల్లేదట.